రాయి వెనుక నీళ్లు

పెరట్లో వరుసగా పేర్చిన పదకొండు రాళ్లనూ వామన్‌రావు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఒక్క రాతి ముఖం మీదా గునపం దెబ్బ లేదు.

“చూసుడు అయిందా, రావుసాబ్?” ఇన్‌స్పెక్టర్ భిక్షపతి టోపీ చంకలో పెట్టుకుని బావి గట్టు మీద నిలబడి ఉన్నాడు.

“ఇంకా కాలేదు.”

“ముప్పై ఏండ్లు కొత్వాలీల గుమస్తాగిరి చేసి పింఛన్ తింటున్నోళ్లకు టైమున్నది. నాకు లేదు. పన్నెండింటికి వీణ్ని కోర్టుల నిలబెట్టాలె.”

వీడంటే వహీద్. హుస్సేనీ ఆలంలో ఉంటాడు. ఆయిల్ ఇంజనూ పంపూ పెట్టుకుని ఇళ్ల బావులు తోడి శుభ్రం చేయడం అతని పని. ఇప్పుడు చేతికి బేడీ, ఆ బేడీ గొలుసు కానిస్టేబుల్ నడుముకి. మొన్న సోమవారం పొద్దున అతను తోడిన ఈ బావిలోనే ఇంటి యజమాని రఘునాథశర్మ గోడ కింద పడి చనిపోయాడు. తన కొడుకే ఆ గోడ కూల్చాడంటే నమ్మని వహీద్ తల్లి షౌకత్ బీ నిన్న సాయంత్రం వామన్‌రావు గడప ముందు కూర్చుని లేవనంది. “నా బిడ్డ పాముని గూడ సంపడు సాబ్. ఉరి వేస్తరంట,” అని అదొక్క మాటే పదిసార్లు అంది. పింఛను పుచ్చుకున్నాక పదిమంది చిక్కులు విప్పిపెట్టిన వామన్‌రావుకు ఇది పదకొండోది. చనిపోయినవాడు తన స్నేహితుడు కావడం మాత్రం మొదటిసారి.

ఆయన లేచి బావిలోకి వంగి చూశాడు. ముప్పై అడుగుల బావి. రెండు రోజుల్లోనే నీళ్లు మళ్లీ ఇరవై అడుగుల దాకా లేచాయి. శ్రావణం వానలు. ఉత్తరం వైపు గోడ చీలి, వెనుక మొరం మట్టి నోరు తెరుచుకుని ఉంది. మిగిలిన మూడు వైపులా నున్నగా సిమెంటు పూత.

“ఈ సిమెంటు ఎప్పటిది?”

“అల్లుడు మురళీధర్ జ్యేష్ఠంల పూయించిండంట. రాళ్ల సందులకెల్లి వేర్లు వస్తున్నయని. గందుకే అంటున్న,” భిక్షపతి వేలు చూపించాడు. “ఉట్టి రాతిగోడ అయితే కూలిందనుకుందుం. సిమెంటు పూసిన గోడ ఉత్తిగ కూలుతదా? ఆదివారం సాయంత్రం పైపు దింపుతనని వీడు లోపలికి దిగిండు. చేతిల గునపం ఉన్నది. పైకొచ్చినంక లేదు. అంతకుముందే శర్మగారితోని లొల్లి. ఇంక ఏం కావాలె మీకు?”

“ఆ గునపం కావాలె.”

“దొరుకుతది. బురదల ఉన్నది. మళ్లీ తోడిపిస్తున్న. వీడితోనే తీపిస్త, పడేసినోడికే ఎరుక గద!”

“రాయి వెనుకవైపు చూసినవా, భిక్షపతీ? మొరం పిండి లెక్క అంటుకున్నది. ముందుకెల్లి పొడిస్తే రాయి లోపలికి పోతది. ఈ రాళ్లు వెనుకకెల్లి తన్నితే బయటికి వచ్చినయి.”

“తన్నిందెవరు, గంగమ్మనా?” ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “పూజలు ఇంటికాడ చేసుకోండి. కేసుల్ల దేవుళ్లను తేకుండ్రి.” అని కానిస్టేబుల్ వైపు తిరిగి, “ఇంజన్ షురూ చెయ్!” అని కేకేశాడు.

వామన్‌రావు జేబు గడియారం తీసి చూశాడు. తొమ్మిదీ పది. ఇంజను దబదబమంటూ అందుకుంది. గట్టు మీది ఇంజనుకీ, పదడుగుల కింద రాతి అరుగు మీద కూర్చోబెట్టిన పంపుకీ మధ్య బెల్టు చప్పుడు చేస్తూ తిరుగుతోంది.

ఆయన వహీద్ దగ్గరికి వెళ్లాడు.

“గునపమేమైంది?”

“జారిపోయింది సాబ్. పైపు కట్టేటప్పుడు. కసమ్.”

“శర్మతోని లొల్లి ఏంది?”

“ఇంజన్ నూనె రెండు బొట్లు నీళ్లల పడ్డది. తిట్టిండు. తిట్టినంక ఆయనే చాయ్ ఇప్పించిండు. మా బాపు వయసున్నోడు, తిడితే ఏమైతది?”

“సోమవారం ఎన్నింటికి షురూ చేసినవు?”

“ఐదున్నరకు. ఏడు నలభైకి బంద్ చేసిన. అడుగు కనవడ్డది. పంతులుగారు పసుపుకుంకుమ పళ్లెం పట్టుకుని దిగిండు. ఊటకు పూజ చేస్తరంట గద, కొత్త నీళ్లు ఊరకముందు. మంత్రం ఇనబడుతనే ఉండె. ఎనిమిదీ ఐదుకు…” వహీద్ బావి వైపు చూశాడు. “తోపు పేలినట్టు అయింది సాబ్. గంతే.”

“ఎప్పుడైనా గిట్ల అయిందా, ఇన్నేండ్లల?”

“ఎట్లయితది? మేము గిట్ల తోడం. సగం తోడుతం, ఒక రాత్రి ఆగుతం, తెల్లారి మిగిలిన సగం. మా నాన్న గట్లనే చేసేటోడు. ఎందుకో ఆయనకూ తెల్వదు, నాకూ తెల్వదు.”

“మరి మొన్న ఎందుకు ఆగలేదు?”

“ముందు రోజు తోడొద్దన్నడు అల్లుడుసాబ్. పందికొక్కు పడి సచ్చిన నీళ్లు, ఊరిన నీళ్లతోని కలవొద్దు, ముహూర్తానికి సరిగ్గ అడుగు కనవడాలె, ఐదున్నరకంటె ముందు ఇంజన్ ముట్టొద్దన్నడు. పెద్దింటోళ్లు, మడి, ఆచారం, నాకేమెరుక?”

వామన్‌రావు ఇంకో ప్రశ్న వేయబోయేంతలో కానిస్టేబుల్ గొలుసు లాగాడు.

*

నిత్యకర్మ ముగించుకుని మురళీధర్ మేడ ఎక్కేసరికి పదిన్నర అయింది. శర్మకి కొడుకులు లేరు. ఇల్లరికపు అల్లుడే కర్త. తడిపి ఆరేసిన పంచె, నొసట బొట్టు లేదు, కళ్ల కింద నల్లటి చారలు. నీటిపారుదల పరిశోధన ఆఫీసులో పనిచేసే మనిషి. మొన్న మామగారి చితికి నిప్పు పెడుతూ అతను కూలబడిపోతే పట్టుకుని లేపింది వామన్‌రావే.

“రండి రావుగారూ. మైల ఇల్లు. కూర్చొమ్మని అనలేను.”

“నేను నిలబడే వింటా. ఇదేంది నాయనా?”

గోడకి ఆనించిన పెద్ద చెక్కబోర్డు నిండా రేడియోల్లో ఉండే రంగురంగుల చిన్న గొట్టాలు, సాలెగూడులా అల్లిన తీగలు. మధ్యలో పెన్సిలుతో గీసిన బావి బొమ్మ. కింద రెండు మీటర్లు, ఒక స్విచ్చి, బ్యాటరీ పెట్టె.

“భూమి,” అన్నాడు మురళీధర్. “మొరంలోంచి నీళ్లు ఎట్ల నడుస్తయో కళ్లతో చూడలేం గద. కరెంటును నీళ్లనుకోండి. మొరం రంధ్రాల గుండా నీళ్లు కష్టపడి జారినట్టే ఈ గొట్టాల గుండా కరెంటు కష్టపడి జారుతది. వెనుక ఈ డబ్బాలున్నయి చూడండి, ఇవి నేల నీళ్లను పట్టి ఉంచినట్టు కరెంటును పట్టి ఉంచుతయి. సిమెంటు పూసిన గోడల కాడ కరెంటు దాటకుండ ఈ చెక్క మేకులు పెట్టిన. ఎడమ మీటరు బావిలో నీటి మట్టం. కుడి మీటరు గోడ రాయి వెనుక నీటి మట్టం. ఇక్కడ ఒక్క సెకను అక్కడ పది నిమిషాలు.”

“మా శర్మ బావి కూడా ఇందులో ఉన్నదా?”

“ఉన్నది.” అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఆ వహీద్ తప్పు లేదు రావుగారూ. పోలీసోళ్లకు నేను చెప్తే వినరు, మీరు చెప్పండి. నిన్న రాత్రి నిద్ర పట్టక ఇక్కడ కూర్చుని ఈ లెక్క కట్టిన. చూడండి.”

స్విచ్చి వేశాడు. వామన్‌రావు పెదవుల్లోనే అంకెలు లెక్కపెట్టాడు. పదమూడు లెక్కపెట్టేసరికి ఎడమ మీటరు ముల్లు సున్నా మీద వాలింది. కుడిది మాత్రం ఇరవై దగ్గర నిలబడిపోయింది. వణకనైనా లేదు.

బావి ఖాళీ, రాయి వెనుక ఇరవై అడుగుల నీళ్లు నిట్టనిలువుగా నిలబడి ఉన్నాయి. వాటి ఎదుట పళ్లెం పట్టుకుని మంత్రం చదువుతున్న శర్మ. ఇన్నేళ్లుగా నీళ్లకి దండం పెట్టే చేతులు తనవి. నీళ్లలో ఇంత బలం ఉందనీ, అవి ఇంత నిశ్శబ్దంగా కాచుకుని ఉంటాయనీ ఎన్నడూ అనుకోలేదు.

“రెండు రోజులు పట్టి తోడితే?”

“రెండు ముళ్లూ కలిసి దిగుతయి. రాయి వెనుక నీళ్లకు బయటికి వచ్చే టైం దొరుకుతది. ఏం లాభం, మాకెవరికీ తోచలేదు. దైవఘటన.”

“కింద ఇప్పుడు మళ్లీ తోడుతున్నరు గద. వహీద్‌ను దింపుతరట. భయం లేదా?”

“లేదు. ఒకసారి పగిలింది గద, ఆ ఒత్తిడంతా పోయింది.”

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ తల కనిపించింది. “సార్, ఇన్‌స్పెక్టర్‌సాబ్ రమ్మంటున్నడు. లోపల ఎక్కడెక్కడ మెట్లున్నయో చూపించాలంట.”

మురళీధర్ బోర్డు పక్కనున్న కాగితాన్ని ఒక పుస్తకం కిందికి తోసి వెళ్లాడు. తోసిన తీరు మామూలుగానే ఉంది. వామన్‌రావు గడియారం చూశాడు. పదీ యాభై.

ఇంజను మోగుతూనే ఉంది.

పగిలింది ఉత్తరం గోడ. మరి దక్షిణం గోడ వెనుక నీళ్ల మాట? బోర్డు మీద పెన్సిలు గీతలు చూశాడు. ఉత్తరం వైపు తీగ ఒకటి, దక్షిణం వైపు తీగ ఒకటి. చదువు పెద్దగా లేకపోయినా ఇంట్లో రేడియో పాడైతే తీగ మార్చుకోవడం వచ్చు. కుడి మీటరు కొసను తీసి దక్షిణం వైపు ముడికి తగిలించాడు. ఉత్తరం గోడ దగ్గర సిమెంటుకి గుర్తుగా పెట్టిన చిన్న చెక్క మేకును, గోడ పోయింది కాబట్టి, పీకేశాడు. స్విచ్చి వేశాడు.

ఒకటి, రెండు, మూడు… పదమూడు.

ఎడమ ముల్లు సున్నాకి వాలింది. కుడి ముల్లు పద్దెనిమిది దగ్గర ఆగింది.

మళ్లీ వేశాడు. మళ్లీ పద్దెనిమిదే. ఇన్నేళ్లు ఇదే విద్యలో తలపండిన మనిషికి ఈ మాత్రం తెలియదా? తెలియక చెప్పాడా, తెలిసే చెప్పాడా? దుఃఖంలో ఉన్నవాణ్ని అనుమానించడం పాపం కదా అని ఒక మనసు అడ్డుపడింది. ఇంకో మనసు చేయి చాచి ఆ పుస్తకం ఎత్తింది.

కాగితం నిండా అంకెలు. ఎడమ వరుస మీద ‘సిమెంటు లేకుండా’, కుడి వరుస మీద ‘సిమెంటుతో’. కుడి వరుసలో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టి ఉంది. రెండు గంటల పది నిమిషాలు. సోమవారం ఐదున్నర నుంచి ఏడు నలభై దాకా ఇంజను నడిచినంతసేపు. కాగితం తల మీద శ్రీరామ. నాలుగు మూలలా పసుపు.

పక్కనే ఉన్న పాత ఫైలు తిరగేశాడు. ప్రతి కొత్త లెక్కా అలాగే మొదలైంది, శ్రీరామ, మూలలకి పసుపు. మంచి ఇంట్లో పెరిగిన మనిషి అలవాటు. ఆ అలవాటు చూసే శర్మ ఇతన్ని అల్లుడిగా ఏరుకున్నానని ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

వామన్‌రావు మళ్లీ ఆ కాగితం అందుకున్నాడు. నిన్న రాత్రి కట్టిన లెక్క అన్నాడు. నిన్న ఈ ఇల్లు మైలలో ఉంది. పసుపు భరిణ ఎత్తి పైన పెట్టేసిన రోజు. చావు కబురు రాసే కార్డుకి కూడా పసుపు అంటనివ్వని పదిరోజుల్లో రెండోది. చితికి నిప్పు పెట్టిన కర్త మర్నాటి రాత్రి కూర్చుని శ్రీరామ రాసి మూలలకి పసుపు పెడతాడా? లోకంలో ఏ తెలుగు ఇంట్లోనూ ఆ పని జరగదు. ఈ కాగితం శర్మ బతికుండగానే రాసింది.

చంపడానికి లెక్క కడుతూ కూడా దేవుడి పేరుతో మొదలుపెట్టాడు. ఆ రాముడు ఆ అక్షరాల్లో ఎట్లా నిలబడ్డాడో వామన్‌రావుకు అర్థం కాలేదు.

“బాబాయ్?”

గుమ్మంలో శర్మ కూతురు అహల్య. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

“అమ్మా, ఒక్క మాట. నిన్న రాత్రి మీ ఆయన ఈ గదిలో కూర్చున్నడా?”

“ఎట్ల కూర్చుంటరు? నాన్న తల పెట్టినకాడ దీపం ఉన్నది గద. కర్త ఆ దీపం దగ్గరే చాప మీద పడుకోవాలె. నేను తెల్లారేదాకా అక్కడనే ఉంటిని. దీపంల నూనె పోసింది నేనే. ఆయన మెట్లు కూడా ఎక్కలే.”

“నాన్నకూ ఆయనకూ ఏమన్న మాట పట్టింపు వచ్చిందా? దాచొద్దు బిడ్డా. కింద ఒక తల్లి కొడుకు ప్రాణం ఉన్నది.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పట్టింపంటె… కట్ట ఒకటి కడుతున్నరు గద, ఆయన లెక్క మీద. నాన్న ఎన్నేండ్లో ఆ ఆఫీసులనే నక్షాలు గీసిండు. ఒకరోజు ఈ బోర్డు కాగితాలు చూసి అడిగిండు, నీళ్లు కట్ట కిందికెల్లి కారుతయని నీ బోర్డే చెప్తుంటె రిపోర్టుల కారవని ఎట్ల రాసినవని. కింద నాలుగూళ్లు ఉన్నయన్నడు. పున్నమిలోపల నువ్వే పోయి చెప్పు, లేకుంటె నేను పోయి చెప్తనన్నడు. ఎప్పుడో వైశాఖంల మొదలైన మాట అది. శ్రావణ పున్నమిదాకా గడువు ఇచ్చిండు.”

పున్నమికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

“బావిల పందికొక్కు పడ్డదని ఎవరు చూసిండ్రు?”

“ఆయనే. పొద్దున్నే మొదట బావికాడికి పోయేది ఆయనే గద.” అహల్య కళ్లు ఆయన చేతిలోని కాగితం మీదికి వెళ్లాయి. అంకెలు ఆమెకి తెలియవు. పసుపు తెలుసు. “ఇది… ఇదెప్పటిది బాబాయ్?” అంది. జవాబు రాకముందే ఆమెకి అర్థమైంది. శర్మ కూతురు కదా. ఏది ఎప్పుడు అంటకూడదో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

“బావి మళ్లీ తోడిపించాలని భిక్షపతికి ఎవరు చెప్పిండ్రు? ఆయనకై ఆయనకే తోచిందా?”

“లేదు,” అందామె. “నిన్న సాయంత్రం ఈయనే చెప్పిండు. గునపం దొరికితే కేసు తెగిపోతది, వహీద్‌నే దింపండి, వాడికే జాగ ఎరుక అని.”

ఐదున్నరకంటె ముందు ఇంజను ముట్టొద్దని చెప్పింది ఎవరో చెప్పగల సాక్షి ఈ లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడే ఇప్పుడు బావిలోకి దిగబోతున్నాడు, పోలీసుల చేతులతోనే.

అప్పుడు ఇంజను ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం చెంపదెబ్బలా తగిలింది. పదకొండూ ఇరవై. వామన్‌రావు చెప్పులు వదిలేసి మెట్ల మీద పడుతూ లేస్తూ దిగాడు. వెనుక అహల్య గోడకి తల కొట్టుకుంటున్న చప్పుడు. వెనక్కి తిరగడానికి వేళ లేదు.

“భిక్షపతీ! వాణ్ని పైకి గుంజు! పైకి గుంజు!”

ఇన్‌స్పెక్టర్ గట్టు మీద నుంచి విసుగ్గా తిరిగాడు. “ఏందయ్యా లొల్లి? దొరికింది గునపం. ఇగో, వాడే చూపెడుతున్నడు.”

వామన్‌రావు గట్టు పట్టుకుని వంగాడు. అడుగున, మోకాలి లోతు బురదలో, వహీద్ బురద కారుతున్న గునపం రెండు చేతులా పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. నీళ్లు పూర్తిగా తగ్గకముందే బేడీ తీసి దింపినట్టున్నారు. నడుముకి తాడు. ముఖం నిండా నవ్వు. “చూసిండ్రా సాబ్, జారిపోయిందన్న గద! ఇగో, పైపు కట్టిన కాడనే ఉన్నది!”

“వహీద్! తాడు పట్టుకో! ఎక్కు!”

“గునపం వదలాల్నా, తేవాల్నా సాబ్?”

“పారెయ్! ఎక్కుమంటున్న గద!”

అతని వెనుక, నున్నటి దక్షిణం గోడ మీద, సిమెంటు పూత మధ్యలో వెంట్రుక వాసి గీత ఒకటి కనిపించింది. వామన్‌రావు చూస్తుండగానే ఆ గీతలోంచి సన్నటి నీటిధార చివ్వున చిమ్మి అవతలి గోడని తాకింది. పిచికారీలోంచి వచ్చినంత బలంగా.

భిక్షపతి కూడా వంగి ఆ ధార చూశాడు. గంగమ్మనా అని వెక్కిరించిన మనిషి ముఖం సున్నం కొట్టినట్టయింది. “గుంజండ్రా!” అని గొంతు చించుకుని అరిచాడు. “తాడు ఎవరి చేతుల ఉన్నది?”

కానిస్టేబుల్ ఇంజను దగ్గర చేతికి అంటిన మసి తుడుచుకుంటున్నాడు. తాడు గిలక మీదుగా వచ్చి గట్టుకి అవతలి పక్కన ఒకే ఒక మనిషి చేతుల్లో ఆగింది. మైల పంచె, బొట్టు లేని నొసలు.

మురళీధర్ తల ఎత్తాడు కానీ వామన్‌రావు ముఖం చూడలేదు. ఆయన చేతిలో నలిగిపోయిన కాగితం చూశాడు. దాని మూలన ఉన్న పసుపు చూశాడు. కింద వహీద్ మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తన బరువంతా తాడు మీద వేశాడు.

మురళీధర్ పిడికిలి విప్పాడు.